శివారు ఇంటికి నీరు



పొలానికి నీరు తెచ్చుకోవడం మనకు కొత్త విద్య కాదు. కాకతీయుల నాటి రామప్ప, పాకాల చెరువుల కింద ఈనాటికీ పంట పండుతూనే ఉన్నది. ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ మీది ఆనకట్ట 1855లో పూర్తయింది. మంజీర మీద నిజాంసాగరు 1931లో పూర్తయింది. పెద్దకాలువ నుంచి పిల్లకాలువకు, పిల్లకాలువ నుంచి బోదెకు, బోదె నుంచి మడికి నీటిని నడిపించే నేర్పు తాతముత్తాతల నాటి నుంచి మనకు ఉన్నదే.

మరి ఆ మడి దున్నే రైతు ఇంట్లో, వంటింటి బిందెలోకి నీరు ఏ కాలువ గుండా వచ్చింది? ఏ కాలువ గుండానూ రాలేదు. ఆడవారి నెత్తిమీద వచ్చింది. మడికి నీరు అందిన నూరేళ్ళకు గాని, కొన్నిచోట్ల నూటయాభై ఏళ్ళకు గాని గడపకు నీరు అందలేదు. ఇంత ఆలస్యం ఎందుకు జరిగింది? నీరు ఊళ్ళోకి వచ్చిన తరువాత కూడ ఇంట్లోకి రావడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది? ఆ కథ తెలిస్తే, ఇప్పుడు వాకిట్లో ఉన్న కొళాయిని ఎట్లా కాపాడుకోవాలో కూడ తెలుస్తుంది. అందుకని ఈనాడు ఆ సంగతి చెప్పుకుందాం.

బిందెల లెక్క

మొదట ఒక చిన్న లెక్క వేద్దాం. పల్లెటూళ్ళో మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందాలని జలజీవన్ మిషన్ కొలత పెట్టింది. ఐదుగురు ఉన్న ఇంటికి 275 లీటర్లు అన్నమాట. బిందెకు 15 లీటర్లు పడుతుందనుకుంటే పద్దెనిమిది బిందెలకు పైనే. బావి ఇంటికి 200 గజాల దూరంలో ఉందనుకోండి. నెత్తిన ఒకటి, చంకన ఒకటి చొప్పున రెండేసి బిందెలు తెచ్చినా తొమ్మిదిసార్లు పోయి రావాలి. మొత్తం 3,600 గజాలు, అనగా రెండు మైళ్ళకు పైన. అందులో సగం దూరం 30 కిలోల నీటి బరువుతో నడవాలి. బిందెల బరువు వేరే. తోడే శ్రమ వేరే.

రోజూ ఇంత నీరు మోయడం ఏ ఇల్లాలికీ సాధ్యం కాదు. అందుచేత ఆమె చేసిన పని ఏమిటంటే, వాడకం తగ్గించింది. తాగడానికీ వండడానికీ పోగా మిగిలిన చెంబెడు నీళ్ళతోనే చేతులు కడగడం, పిల్లలకు స్నానం. కనుకనే గజ్జి, కండ్లకలక, విరేచనాలు మన ఇళ్ళను విడువలేదు. నీరు చెడ్డదై వచ్చిన జబ్బులు కొన్నయితే, నీరు చాలక వచ్చిన జబ్బులు మరికొన్ని. ఈ రెండోదాన్ని మనం చాలాకాలం పట్టించుకోలేదు. మంచి బావి తవ్వితే చాలుననుకున్నాం. ఆ బావి ఎంత దూరమని అడగలేదు.

ఊరికొక నీరు, నీటికొక తెగులు

డెల్టా ఊళ్ళలో బావి తవ్వితే పలుచోట్ల ఉప్పునీరు పడుతుంది. అందుకని కాలువ నీటితో మంచినీళ్ళ చెరువు నింపుకునేవారు. ఎండాకాలం కాలువలు కట్టివేయక ముందే చెరువు నిండాలి. నిండకపోతే ఆ ఏడు ఊరికి దాహమే. ఉన్నవారు కావిడి మనిషిని పెట్టుకున్నారు. లేనివారు తామే మోసుకున్నారు.

మెట్ట ఊళ్ళలో దిగుడుబావులు ఉండేవి. మెట్లు దిగి, నీళ్ళలో కాలుపెట్టి బిందె ముంచుకోవడమే. ఇందులోనే నారికురుపు తెగులు దాగి ఉన్నది. కురుపు ఉన్న మనిషి నీళ్ళలో కాలు పెడితే దాని నుంచి సన్నని పిల్లపురుగులు నీటిలో కలుస్తాయి. అక్కడి నీటిఈగలు వాటిని మింగుతాయి. ఆ నీటిని వడపోయకుండా తాగినవారికి ఏడాది తిరిగేసరికి కాలిలో బొబ్బ లేచి, రెండు మూడడుగుల నారిపురుగు బయటికి రావడం మొదలవుతుంది. వారాల తరబడి మనిషి మంచాన పడేవాడు. నాగలి మూల పడేది.

దీనికి మందు లేదు. నీటిని బాగుచేయడమే మందు. దిగుడుబావులకు మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలకలు బిగించారు. నీళ్ళు గుడ్డలో వడపోసుకొమ్మని ఇంటింటికీ తిరిగి చెప్పారు. 1980ల మొదట్లో జాతీయ కార్యక్రమం మొదలైనప్పుడు తెగులు ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ కూడ ఒకటి. దేశంలో చివరి కేసు 1996 జూలైలో కనిపించింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో నారికురుపు లేదని ధ్రువపత్రం ఇచ్చింది. టీకా లేకుండా, మందు లేకుండా, నీరు మార్చుకుని ఒక తెగులును వెళ్ళగొట్టాం. ఇది చిన్న విజయం కాదు.

ఎడ్లు ముందు చెప్పిన జబ్బు

రెండవ తెగులు కంటికి కనపడనిది. 1930లలో అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల రైతులు ఒక విషయం గమనించారు. ఎడ్లకు కీళ్ళు బిగిసి నడవలేకపోతున్నాయి. నీరు మంచిదే, తేటగానే ఉన్నది, రుచిగానే ఉన్నది. 1937లో వైద్య పరిశోధకులు ఆ ప్రాంతపు మనుషులలోనూ అదే బాధ ఉన్నదనీ, తాగునీటిలోని ఫ్లోరైడు దానికి కారణమనీ ప్రకటించారు. ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వచ్చిన తొలి వైద్య నివేదిక అదే. అంటే డాక్టరు కంటె ముందు రైతు, రైతు కంటె ముందు ఎద్దు ఈ జబ్బును కనిపెట్టాయన్నమాట.

లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకని చోట ఒకటిన్నర మిల్లీగ్రాములు ఆఖరి హద్దు. అది దాటిన నీరు ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళకు పసుపు, గోధుమరంగు గారలు కడతాయి. తరువాత వెన్ను వంగుతుంది, కీళ్ళు బిగుస్తాయి. నీళ్ళు కాచి తాగితే పోతుందనుకోవద్దు. కాచినకొద్దీ నీరు తగ్గుతుంది, ఫ్లోరైడు అట్లాగే ఉంటుంది.

ఈ జబ్బు పేరు చెప్పగానే గుర్తు వచ్చేది నల్లగొండ. 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతిని తయారుచేసి, దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు పెట్టింది. పద్ధతి మంచిదే. కాని రోజూ పటిక కావాలి, సున్నం కావాలి, కొలిచి కలిపే మనిషి కావాలి. అడుగున దిగిన మడ్డి తీసి పారవేయాలి. ఇవి ఆగిపోయిన చోట పద్ధతీ ఆగిపోయింది. యంత్రం పెట్టడం ఒక ఎత్తు, రోజూ నడపడం మరొక ఎత్తు అని మన నీటి చరిత్ర నేర్పిన మొదటి పాఠం ఇదే.

బోరింగు వచ్చిన నాళ్ళు

స్వాతంత్ర్యం వచ్చాక 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైంది. గ్రామసేవకులు ఊరూరా బావులు తవ్వించారు, పాత బావులకు గట్లు కట్టించారు. 1954లో జాతీయ నీటి సరఫరా, పారిశుద్ధ్య కార్యక్రమం వచ్చింది. 1972-73లో పల్లెల మంచినీటికి కేంద్రం ప్రత్యేకంగా సొమ్ము ఇవ్వసాగింది. రాతినేలను తొలిచే యంత్రాలు వచ్చాయి. 1970ల చివర్లో ఇండియా మార్క్-2 అనే చేతిపంపు తయారైంది. మన ఊళ్ళలో దాన్ని బోరింగు అన్నాం. పది ఇళ్ళవారు పగలంతా కొట్టినా తట్టుకునే గట్టి పంపు అది. దానివల్ల కలరా వంటి జబ్బులు తగ్గాయి, దిగుడుబావుల అవసరం తగ్గింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. పైపైని బావినీటి కంటె లోతు రాతిలో చాలాకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడు ఎక్కువ ఉండవచ్చు. నల్లగొండ వంటి చోట్ల పైనీటిలోని క్రిముల నుంచి తప్పించుకోబోయి, లోతునీటిలోని ఫ్లోరైడు చేతిలో చిక్కాం. వ్యవసాయపు బోర్లు పోటీపడి దిగినకొద్దీ, తాగునీటి బోరు కూడ లోతుకు దిగక తప్పలేదు. అప్పుడు తేలింది ఏమిటంటే, అక్కడి నేలకింది నీటితో పని జరగదు, ఏటి నీరే తేవాలి అని.

వీధి చివర కొళాయి

రక్షిత మంచినీటి పథకం అనే మాట మన పల్లెల్లోకి ఇట్లా వచ్చింది. బోరు నుంచో, చెరువు నుంచో నీరు ఎక్కించడం, ఇసుక మీద వడగట్టడం, మందు కలపడం, ఎత్తు మీది ట్యాంకులోకి పంపడం, అక్కడి నుంచి గొట్టాల ద్వారా వీధుల్లోకి వదలడం. డెల్టాలో పాత మంచినీళ్ళ చెరువే ఈ పథకానికి తల అయింది. అనంతపురం జిల్లాలో 1990ల మధ్యలో పుట్టపర్తి సత్యసాయి సంస్థ ఏడు వందలకు పైగా గ్రామాలకు నీరు తెచ్చింది. ఒక ఊరి బోరు మీద ఆధారపడక, ఎక్కడి నీరో పెద్ద గొట్టాల్లో ఎన్నో ఊళ్ళకు పంచవచ్చునని దానివల్ల అందరికీ నమ్మకం కుదిరింది.

కాని ఆ గొట్టం చాలా ఊళ్ళలో వీధి కొళాయి దగ్గర ఆగింది. సొమ్ము తక్కువ, ఊళ్ళు ఎక్కువ. ఇనుప గొట్టాలు ఖరీదు. ప్లాస్టిక్ గొట్టాలు చౌకగా దొరికేదాకా ఇంటింటికీ లైను అనేది ఊహకే అందలేదు. డిపాజిట్టు కట్టి, గొట్టం ఖర్చు భరించగలిగినవారు ఇంట్లోకి తెచ్చుకున్నారు. తక్కినవారు బిందెలు వరుస పెట్టారు. బావి దగ్గరి నడక కొంత తగ్గింది. కొళాయి దగ్గర కాచుకోవడం పెరిగింది. నీరు ఎప్పుడు వదులుతారో తెలియక కూలికి పోవడం మానుకున్న ఆడవారు ఎందరో.

వీధి కొళాయికి ఇంకో కష్టం ఉన్నది. నీరు పదిమందికి చెందినప్పుడు ఆ పదిమందిలో ఎవరు ముందు, ఎవరు దూరం అన్న మాట వస్తుంది. ఊరి బావి దగ్గర అంటరానివారని కొందరిని దూరంగా నిలబెట్టి, ఎవరో జాలిపడి పోస్తే పట్టుకొమ్మన్న రోజులు మన చరిత్రలో ఉన్నాయి. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో డాక్టర్ అంబేద్కర్ వేలమందితో వెళ్ళి చౌదార్ చెరువు నీరు తాగింది ఈ అన్యాయం మీదనే. 1950లో అమలుకు వచ్చిన రాజ్యాంగం బావులు, చెరువులు అందరివీ అన్నది. 1955లో అస్పృశ్యతను నేరం చేస్తూ చట్టం వచ్చింది. అయినా 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులు తాగే చెరువును మురికి చేయవద్దన్న మాట మీద గొడవ మొదలై, జూలై 17న ఆరుగురు దళితుల ప్రాణాలు తీసేదాకా పోయింది. నీటి సంగతి మాట్లాడుతూ ఈ సంగతి దాటవేయడం న్యాయం కాదు. తన వాకిట్లో తన కొళాయి ఉన్న మనిషి నీటికోసం ఎవరి దయా అడగనక్కరలేదు. ఇంటి కొళాయి విలువలో ఇది కూడ ఒక భాగం.

ఆఖరి పది గజాలు

వీధిలో కొళాయి ఉంటే ఇంట్లో ఉన్నట్టే గదా, పది గజాలకే ఇంత ఖర్చెందుకు అని అడిగేవారు ఉండేవారు. దీనికి జవాబు 1972లో ఒక పుస్తకంగా వచ్చింది. కెన్యా, ఉగాండా, టాంజానియా దేశాలలో ఎవరింట ఎంత నీరు వాడుతున్నారో కొలిచి చూశారు. మోసుకొచ్చే ఇళ్ళ వాడకం కంటె ఇంట్లో కొళాయి ఉన్న ఇళ్ళ వాడకం ఎన్నో రెట్లు ఎక్కువ అని తేలింది. తరువాతి పరిశోధనల్లో ఇంకొక సంగతి స్పష్టమైంది. అర్ధమైలు దూరాన్ని ఫర్లాంగుకు తగ్గించినా వాడకం పెద్దగా పెరగదు. గడప లోపలికి వచ్చినప్పుడే ఒక్కసారిగా పెరుగుతుంది. బిందె ఎత్తవలసి ఉన్నంతకాలం ఇల్లాలు పొదుపు చేస్తూనే ఉంటుంది. ఎత్తనక్కరలేనప్పుడే చేతులు కడగడానికి నీరు మిగులుతుంది. అంటే ఆరోగ్యం వీధి చివర లేదు, ఆ ఆఖరి పది గజాల్లో ఉన్నది.

తెలంగాణలో మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రారంభమైంది. కృష్ణా, గోదావరుల నీటిని శుద్ధి చేసి ఇంటింటికీ నల్లా ఇవ్వాలన్నది దాని సంకల్పం. నల్లగొండకు ఏటి నీరు ఇంటిదాకా వచ్చింది ఇట్లాగే. 2019 ఆగస్టు 15న కేంద్రం జలజీవన్ మిషన్ ప్రకటించింది. ఆనాటికి దేశంలోని పల్లెల్లో కొళాయి ఉన్న ఇళ్ళు 3.23 కోట్లు, అంటే నూటికి పదిహేడు ఇళ్ళు మాత్రమే. 2025 నాటికి ఆ సంఖ్య 15 కోట్లు దాటింది. ఆరేళ్ళలో ఇంత పని జరగడం గొప్పదే. అయితే లెక్కలో కొళాయి ఉండటం వేరు, కొళాయిలో రోజూ నీరు ఉండటం వేరు. ఆ తేడా ఎక్కడ వస్తుందో చూద్దాం.

గొట్టం ధర్మం

కాలువకు శివారు ఉన్నట్టే గొట్టానికీ శివారు ఉన్నది. తలకాలువ రైతు గండి కొట్టుకుంటే శివారు పొలం ఎండుతుందని మీకు వేరే చెప్పాలా? గొట్టం సంగతీ అంతే. ట్యాంకులో నీటిమట్టం పది మీటర్ల ఎత్తున ఉంటే కింద చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. నీరు గొట్టం గోడలకు రాసుకుంటూ పోయినకొద్దీ ఆ ఒత్తిడి తరుగుతుంది. మొదటి ఇళ్ళలో కొళాయికి తిప్పు లేక నీరు ఊరికే పోతున్నా, పెద్ద గొట్టానికి అరంగుళం బదులు అంగుళం గొట్టం కలుపుకున్నా, శివారు ఇంటికి చేరేసరికి చుక్కలే.

అప్పుడు శివారు ఇంటివారు రెండు పనులు చేస్తారు. ఒకటి, వాకిట్లో గుంత తవ్వి కొళాయిని నేలమట్టం కిందికి దింపుతారు. రెండు, లైనుకే మోటారు బిగించి పీలుస్తారు. రెండూ ప్రమాదమే. గుంతలో మురుగు నిలుస్తుంది. నీరు కట్టేసినప్పుడు ఖాళీ గొట్టం ఆ మురుగునే లోపలికి లాగుతుంది. మోటారు పీల్చినప్పుడు గొట్టంలో ఎక్కడ చిన్న పగులు ఉన్నా పక్క కాలవలోని మురికి చొరబడుతుంది. లక్షలు పోసి శుద్ధి చేసిన నీరు ఊళ్ళోకి వచ్చాక ఇట్లా చెడుతుంది. తప్పు గుంత తవ్వినవారిది ఒక్కరిదే కాదు. పైనుంచి గండి కొట్టినవారిది కూడ.

అందుచేత ఇంటికి లైను తీసుకునేవారు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి. పెద్ద గొట్టానికి రంధ్రం పంచాయతీ మనిషి చేతనే వేయించాలి, అందరికీ ఒకే కొలత ఉండాలి. మురుగుకాలవ అడుగునుంచి గొట్టం పోనివ్వరాదు. తప్పనిసరైతే కాలవకు పైగా, అతుకు లేని ముక్కతో దాటించాలి. బండి తొక్కకుండా లోతుగా పూడ్చాలి. కొళాయిని నేల మీద, బిందె పట్టేంత ఎత్తున, గట్టి గచ్చు మీద నిలపాలి. తిప్పు పాడైతే అదేరోజు మార్చాలి. మోటారు లైనుకు బిగించరాదు. తొట్టిలోకి నీరు పట్టుకుని, ఆ తొట్టి నుంచి మోటారుతో పైకి ఎక్కించుకుంటే ఎవరికీ నష్టం లేదు.

ఇంకొకటి. ఇంట్లోకి నీరు వస్తే ఇంట్లోంచి నీరు పోవాలి గదా! వచ్చిన నీటిలో నూటికి డెబ్బై ఎనభై పాళ్ళు వాడుకనీరుగా బయటికి పోతుంది. దానికి దారి చూపకపోతే వీధి బురద అవుతుంది, దోమ పెరుగుతుంది. స్నానపు నీరు పెరటిలో అరటికీ, బచ్చలికీ పెట్టండి. మిగిలిన దానికి ఇంకుడుగుంత తవ్వండి, తాగేనీటి బావికి కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి.

ఎవరి కొళాయి?

1992లో జరిగి 1993లో అమలుకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, తాగునీటిని పంచాయతీలకు అప్పగించదగిన పనుల జాబితాలో చేర్చింది. జలజీవన్ మిషన్ ఊరూరా నీటి సంఘం ఉండాలనీ, అందులో సగం మంది ఆడవారై ఉండాలనీ, నీటి పరీక్ష పెట్టెతో ప్రతి ఊళ్ళో ఐదుగురు ఆడవారికి శిక్షణ ఇవ్వాలనీ చెప్పింది. మంచి నిబంధన. నూరేళ్ళు నీరు మోసినవారికే నీటి మంచిచెడ్డలు తెలుసు. ఆ పెట్టె అలమారలో దుమ్ము పట్టకుండా చూడటం మీ పని.

పరీక్ష ఎక్కడ చేయాలి? ట్యాంకు కింద చేస్తే చాలదు. శివారు ఇంటి కొళాయి దగ్గర చేయాలి. అక్కడ లీటరు నీటిలో 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే దారి పొడుగునా నీరు క్షేమంగా వచ్చినట్టు. వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగు పౌడరు సుమారు రెండున్నర గ్రాములు కలపడం వాడుక. నీరు మురికిదైతే ఎక్కువ కావాలి. ఎంత కలిపినా శివారులో చూడందే పని పూర్తయినట్టు కాదు. కలిపినవెంటనే నీరు వదలకుండా అరగంట నుంచి గంట ఆగాలి.

గ్రామాల్లో పనిచేసే ఉద్యోగులకు ఒక విన్నపం. మీరు ఊరికి పోయినప్పుడు ట్యాంకు ఎత్తు, గొట్టం పొడుగు రాసుకుని తిరిగి రాకండి. శివారు ఇల్లు ఏదో అడిగి అక్కడికి పోండి. చాలా ఊళ్ళలో అది దళితవాడలోనో, కొత్త కాలనీలోనో ఉంటుంది. బిందె పెట్టి ఎంతసేపటికి నిండుతుందో గడియారం చూడండి. ఆ ఇంటి ఇల్లాలు ఇంకా పొరుగింటికి బిందె తీసుకుపోతున్నదా అని అడగండి. మీ రిపోర్టులో ముందు రాయవలసింది అదే.

రైతు సోదరులారా, కాలువ బాగుందా లేదా అన్నది తలకాలువ రైతును అడిగి తెలుసుకోం. శివారు రైతును అడుగుతాం. కొళాయికీ అదే న్యాయం. ఈ వారం పంచాయతీలో నీటి పన్ను కట్టబోయేటప్పుడు ఒక్క మాట అడగండి: మన ఊరి శివారు ఇంటికి నిన్న ఎన్ని బిందెల నీరు అందింది?